హన్మకొండలో పదేళ్ల నాటి ఇల్లు కొనాలనుకుంటున్నాం: బయానా ఇచ్చే ముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (పరకాల వాసి)

అందరికీ నమస్కారం. మాది పరకాల. అమ్మానాన్నలకు వయసు పైబడింది. వైద్య పరీక్షల కోసం తరచూ హన్మకొండకు బస్సులో రావడం వాళ్లకు భారమవుతోంది. పిల్లల చదువులు కూడా ఇక్కడే సాగుతున్నందున, ఉన్న కొద్దిపాటి భూమిలో కొంత అమ్మి, మిగతాది బ్యాంకు రుణం తీసుకుని ఇక్కడే ఒక ఇల్లు కొనుక్కోవాలని ఇంట్లో అందరం కలిసి నిర్ణయించుకున్నాం.

గోపాలపూర్ వైపు ఒక ఇల్లు చూశాం. 165 గజాల స్థలం, తూర్పు ముఖం, కింద రెండు పడక గదులు, పైన మరో వాటా ఉన్నాయి. కట్టి పదేళ్లయిందని చెబుతున్నారు. ఈ మధ్యనే లోపలా బయటా రంగులు వేయించడం వల్ల చూడటానికి కొత్త ఇల్లులాగే ఉంది. బోరు ఉంది, నల్లా కనెక్షన్ ఉంది, వాస్తు ప్రకారం కూడా సరిగ్గానే ఉందని మా పంతులు గారు చెప్పారు. యజమాని ఈ నెలాఖరులోగా బయానా ఇవ్వమని తొందరపెడుతున్నారు. ఇప్పటివరకు సొంతంగా ఇల్లు కొన్న అనుభవం మా కుటుంబంలో ఎవరికీ లేదు. మా ఊళ్లో ఇల్లంటే కట్టుకునేదే కానీ కొనేది కాదు. వాస్తు, ధర కాకుండా కంటితో చూసి, చేత్తో తాకి, నలుగురిని అడిగి తెలుసుకోవలసిన విషయాలు ఏమున్నాయో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (విశ్రాంత సివిల్ ఇంజినీరు, హన్మకొండ)

నమస్కారం. మీరు రాసిన వాటిలో నా దృష్టి మొదట కొత్త రంగుల మీదే పడింది. అమ్మే ముందు ఇంటికి రంగులు వేయించడంలో తప్పేమీ లేదు, అందరూ చేసేదే. అయితే చెమ్మ, సన్నటి పగుళ్లు, కారిన మరకలు అన్నీ పుట్టీ కింద కొన్ని నెలలు దాగి ఉంటాయి. అందువల్ల రంగు వేసేవారు శ్రద్ధ పెట్టని చోట్లు వెతికి చూడండి. అటకల లోపలి గోడలు, మెట్ల కింద ఖాళీ, బీరువాల వెనక భాగం, స్నానాల గదికి అవతలి వైపు ఉండే పడక గది గోడ, వంటగది సింకు కింది అర, ఇవన్నీ టార్చిలైటు వేసి చూడవలసినవి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు గోడ ఉబ్బి, గోరుతో గీస్తే తెల్లటి ఉప్పు పొడి రాలితే అది పునాది నుంచి పైకెక్కుతున్న చెమ్మ. దాన్ని ఏ రంగూ ఆపలేదు. గోడ పైభాగంలో, స్లాబు అంచున మరకలుంటే అది డాబా మీది నీరు. బాగు చేయించడానికి రెండోది సులువు, మొదటిది చాలా కష్టం.

నా దృష్టిలో వరంగల్, హన్మకొండల్లో ఇల్లు కొనేవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది నీటి సంగతి. వాన నీరు ఆ ఇంటి వైపు ఎటు నుంచి వస్తుంది, వచ్చింది ఎటు పోతుంది అన్నది తేలాకే మిగతా మాటలు. మనది కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న ప్రాంతం. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. ఆ నీరు పోయే దారులలో ఇప్పుడు కాలనీలు వెలిశాయి. 2020 ఆగస్టు వానలను, 2023 జూలై చివరి వారాన్ని ఇక్కడివారు ఎవరూ మరచిపోలేదు. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది. హంటర్ రోడ్డు వైపు ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ వంటి చోట్ల ఇళ్లు నీట మునిగాయి. నయీంనగర్ నాలా పొంగింది. ఆ తర్వాత భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. మీరు చూసిన ఇల్లు ఈ కాలనీల్లో లేకపోవచ్చు, అయినా ఆ రోజున ఆ వీధిలో ఏమైందో కనుక్కోకుండా బయానా ఇవ్వకండి.

కనుక్కోవడానికి యజమాని ఒక్కరినే అడిగితే చాలదు. ఈ ఇంటికి కొత్త రంగు వేశారు, ఎదురింటికి వేయలేదు కదా. ఎదురింటి ప్రహరీ మీద, పక్క ఖాళీ స్థలం గోడ మీద, కరెంటు స్తంభం మొదట్లో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద బురద నీటి గీత ఉందేమో చూడండి. వీధి మొదట్లో ఉన్న కిరాణా దుకాణం వారిని, ఇస్త్రీ పెట్టె వారిని అడగండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో వాళ్లు మోకాలు చూపించి మరీ చెబుతారు.

దీనితోనే ముడిపడిన మరో విషయం రోడ్డు ఎత్తు. మన కాలనీల్లో పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది వేయడం పరిపాటి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు ఆ మేరకు పల్లమవుతుంది. ఇంటి లోపలి నేల చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర అడుగు ఎత్తున ఉండాలని జాతీయ నిర్మాణ నియమావళి చెబుతుంది. పదేళ్ల కిందట అంత ఎత్తున కట్టిన ఇల్లు ఇప్పుడు ఎంత ఎత్తున మిగిలిందో టేపు పెట్టి కొలవండి.

ఇక నేల. మన దగ్గర చెల్క (ఎర్రటి ఇసుక నేల), మొరం (గట్టి కంకర మట్టి) ఉన్న చోట పునాదికి పెద్ద ఇబ్బంది రాదు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది పైపైన వేసి ఉంటే ఏటేటా గోడలు కదులుతాయి. పక్కన ఖాళీ ప్లాటు ఉంటే ఎండాకాలంలో వెళ్లి చూడండి, కర్ర దూరేంత నెర్రెలు నేల మీద కనిపిస్తే అక్కడ కట్టిన ప్రతి ఇంటి పునాది గురించీ అడగవలసిందే. ఆ ఇల్లు కట్టిన మేస్త్రి ఎవరో తెలిస్తే, పిల్లర్ల గుంతలు ఎంత లోతు తీశారో, గట్టి మొరం తగిలిందో లేదో ఆయన చెప్పగలరు.

పగుళ్లన్నీ ఒకటి కావు. ప్లాస్టరింగు ఎండేటప్పుడు పడిన వెంట్రుకవాసి గీతలను చూసి భయపడనక్కరలేదు. కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా సాగుతూ, గోడకు రెండు వైపులా ఒకేచోట కనిపిస్తూ, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పు ఉంటే మాత్రం అది కట్టడం కుంగడానికి గుర్తు. 2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పటి నుంచి, ఏ పగులు చూపించినా అప్పుడు వచ్చిందేనని చెప్పడం కొందరికి అలవాటైంది. కారణం ఏదైనా తెలుసుకోవలసింది అది ఇంకా పెరుగుతున్నదా లేదా అన్నదే. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూస్తే తెలుస్తుంది. అందుకే నెలాఖరు గడువుకు తలొగ్గవద్దంటున్నాను.

స్లాబు కింది భాగం, ముఖ్యంగా స్నానాల గదుల్లోనూ సజ్జల కిందా, పెచ్చులు ఊడిన చోట అతుకు వేశారేమో చూడండి. ఇనుప చువ్వకు కిందా పక్కలా సరిపడా కాంక్రీటు కవరు లేకపోతే చెమ్మ తగిలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. తుప్పు రంగులో బారుగా ఒక గీత కనిపిస్తే లోపల చువ్వ అదే వరుసలో ఉందని అర్థం. డాబా ఎక్కి రెండు బకెట్ల నీళ్లు పోయించి, అవి గొట్టం వైపు పోతున్నాయో మధ్యలో నిలుస్తున్నాయో చూడండి. పై వాటా మొదటి నుంచీ ఉన్నదా, తర్వాత వేసిందా అన్నది కూడా అడగాలి. కింది పిల్లర్లు ఒక్క అంతస్తు కోసమే లెక్క వేసినవైతే పై వాటా ఆ ఇంటికి బలం కాదు, బరువు.

జవాబు (గృహిణి, కాజీపేట)

తమ్ముడూ, ఇంజినీరు గారు ఇంటి ఎముకల గురించి చెప్పారు. రోజూ ఆ ఇంట్లో మెలిగే మనుషుల సంగతి నేను చెబుతాను. మీరు ఇల్లు కొంటున్నది ముఖ్యంగా అమ్మానాన్నల కోసం కాబట్టి వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. కింది వాటాలో వాళ్లు పడుకునే గదికి ఆనుకునే స్నానాల గది ఉందా, దాని తలుపు కనీసం రెండున్నర అడుగుల వెడల్పుందా, గడప ఎత్తెంత, నేల మీది టైల్సు తడిసినప్పుడు జారుతున్నాయా అన్నవి కాళ్ల నొప్పులున్నవారు స్వయంగా నడిచి చూస్తేనే తెలుస్తాయి. మెట్టు ఎత్తు ఏడు అంగుళాలు దాటితే పెద్దవాళ్లు రెండో అంతస్తుకు రావడం మానేస్తారు. ఆ పైన బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కవలసింది మీ ఇంటావిడే కాబట్టి ఆమెను కూడా అడగండి.

ఇల్లు చూపించేవారు మిమ్మల్ని పొద్దున చల్లటి వేళ పిలుస్తారు. మీరు మాత్రం ఎండాకాలం సాయంత్రం నాలుగింటికి వెళ్లి, పడమటి గోడ మీద లోపలి వైపు అరచేయి పెట్టి చూడండి. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పడమటి వైపు పక్కిల్లు గానీ చెట్టు గానీ అడ్డు లేకపోతే ఆ గది అర్ధరాత్రి దాటినా చల్లబడదు. తూర్పు ముఖం ఇంట్లో సాధారణంగా వెనక పడక గదే పడమట ఉంటుంది. ఆ గదిలోనే పెద్దవాళ్లు పడుకుంటారు. కిటికీలు ఎదురెదురుగా ఉండి గాలి ఆడుతుందా, పక్కింటి గోడ కిటికీకి అడుగు దూరంలోనే ఉందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

బోరు ఉంది, నల్లా ఉంది అన్నారు. రెండూ ఉండటం వేరు, రెండింట్లో నీళ్లు రావడం వేరు. నల్లా ఏ రోజుల్లో, ఏ వేళకు, ఎంతసేపు వస్తుందో పక్కింటివారిని అడగండి. బోరు ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉంటుందో, ఎండాకాలంలో ట్యాంకర్లు ఈ వీధికి వస్తాయో కూడా వాళ్లే చెప్పాలి. నల్లాల మూతుల దగ్గర, గీజరు గొట్టం దగ్గర తెల్లటి సున్నపు పొర పేరుకుని ఉంటే ఆ బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువని తెలుసుకోండి. ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచి నీరు. ఫ్లోరైడ్ మాత్రం 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆ నీళ్లు తాగడానికి, వంటకు పనికిరావు. మా అత్తగారి ఊళ్లో ఫ్లోరైడ్ నీటితో పళ్లు పచ్చబడిన పిల్లలను చూశాను కాబట్టి ఈ పరీక్ష ఒక్కటి మాత్రం తప్పించవద్దని గట్టిగా చెబుతున్నాను.

అన్ని నల్లాలూ ఒకేసారి తిప్పి, ఫ్లష్ కూడా వదిలి, నీటి ధార తగ్గుతుందా, మురుగు వెనక్కి తంతుందా చూడండి. చాలా కాలనీల్లో మరుగుదొడ్ల నీరు పోయేది సెప్టిక్ ట్యాంకుకే. ఆ ట్యాంకు ఎక్కడుంది, దాని మూత మీద టైల్సు పరిచేశారా, శుభ్రం చేసే బండి గొట్టం అక్కడిదాకా అందుతుందా అని అడగండి. నేను చూసిన ఒక ఇంట్లో మంచినీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు పోర్టికో కిందనే పక్కపక్కన, మధ్యలో ఒక్క గోడతో ఉన్నాయి. ఆ గోడకు సన్న పగులు వచ్చినా చెప్పుకోలేని ప్రమాదం. 165 గజాల్లో దూరం ఎక్కువగా దొరకదు, అయినా సంపు, బోరు ఒక మూలకు, సెప్టిక్ ట్యాంకు ఎదురు మూలకు ఉంటే మేలు.

ఇంకొక్క మాట. మన ఊళ్లో కోతుల బెడద ఎంతో మీకు తెలిసిందే. వెనక వాకిలికి, డాబా మెట్లకు, ట్యాంకు మూతకు జాలీ ఉందా చూడండి, లేకపోతే ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. దగ్గరలో ఫంక్షన్ హాలు ఉంటే పెళ్లిళ్ల సీజనులో ఒక రాత్రి వెళ్లి ఆ వీధిలో నిలబడండి, గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఆ చప్పుడుకు నిద్రపోగలరా అన్నది మీకే తెలుస్తుంది.

జవాబు (ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు, వరంగల్)

కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బిల్లు మీద మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూడండి. రెండు ఏసీలు, గీజరు, బోరు మోటారు నడవాలంటే ఆ లోడు, సింగిల్ ఫేజ్ మీటరు సరిపోతాయో లేదో లెక్క వేయించాలి. ఒక ఏసీ స్విచ్‌బోర్డు విప్పించి లోపలి వైరు చూస్తే కట్టినవారి నిజాయితీ తెలుస్తుంది. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు ప్లగ్గులకు 2.5 ఉండాలి. ఎర్తింగు గుంత ఎక్కడుందో యజమాని చూపించగలగాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి. డాబా మీద నుంచి చేతికి అందేంత దగ్గరలో హెచ్‌టీ (హై టెన్షన్) తీగలు వెళుతుంటే ఆ ఇల్లు ఎంత బాగున్నా వద్దనే చెబుతాను.

జవాబు (డాక్యుమెంట్ రైటరు, హన్మకొండ)

కాగితాల విషయం మీరు అడగలేదు, అయినా కంటితో చూసేవాటిని కాగితంతో సరిపోల్చుకోవాలి. అనుమతి పొందిన నక్షా కాపీ చేతిలో పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. నక్షాలో వదిలామని చూపిన ఖాళీలు నేల మీద ఉన్నాయా, పై వాటా అందులో ఉందా అన్నవి బ్యాంకు ఇంజినీరు కూడా చూస్తారు. తేడా ఉంటే రుణం అక్కడే ఆగిపోతుంది. స్థలాన్ని నాలుగు వైపులా కొలిచి దస్తావేజులోని హద్దులతో పోల్చండి. 165 గజాలని రాసి నేల మీద 150 ఉన్న సందర్భాలు మా దగ్గరకు వస్తూనే ఉంటాయి.

లేఅవుటుకు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) పూర్తయిందా అడగండి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి తెచ్చుకున్న దరఖాస్తు రసీదునే కొందరు ఎల్ఆర్ఎస్ అయిపోయిందని చూపిస్తారు. అది దరఖాస్తు మాత్రమే. మొత్తం రుసుము కట్టాక వచ్చే ప్రొసీడింగ్స్ కాగితం చూపించమనండి. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) 30 ఏళ్లకు తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. సర్వే నంబరు దగ్గర చెరువు శిఖం (చెరువు నీరు పరుచుకునే) భూమి ఉంటే ఊరి నక్షా తీసి చూడటం మంచిది. పట్టణ పరిధిలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేని ఖాళీగా వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. ఆ గీత లోపల ఉన్న ఇల్లు రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన నిలుస్తుందన్న భరోసా లేదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు బకాయిలు లేవన్న రసీదులు కూడా అడగండి.

ప్రశ్న వేసినవారి స్పందన

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినవి కాగితం మీద రాసుకుని, నాన్నను, నా భార్యను వెంటబెట్టుకుని ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లాం. కిరాణా దుకాణం ఆయన 2023లో వీధి మొదట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయనీ, ఈ ఇంటి దగ్గరకు వచ్చేసరికి పాదాలు మునిగేంతే ఉన్నాయనీ చెప్పారు. టేపు పెట్టి కొలిస్తే పోర్టికో నేల రోడ్డు కంటే రెండు అంగుళాలు కిందకు ఉంది. ఇంటి లోపలి నేల మాత్రం రోడ్డు కంటే అడుగున్నర ఎత్తున ఉంది. అటకల లోపల చెమ్మ కనిపించలేదు. వెనక గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు ఉంది, గోరు కూడా దూరడం లేదు. బోరు నీరు పరీక్షకు ఇచ్చాం. నాన్నకు స్నానాల గది తలుపు ఇరుకైంది, దాన్ని వెడల్పు చేయించుకోవచ్చనుకుంటున్నాం. ఇంజినీరు గారూ, పోర్టికో పల్లంగా ఉండటం పెద్ద లోపమేనా? దాన్ని ఎత్తు పెంచుకోవడానికి వీలవుతుందా?

జవాబు (విశ్రాంత సివిల్ ఇంజినీరు, హన్మకొండ)

లోపలి నేల అడుగున్నర ఎత్తున ఉంటే ఇల్లు వదులుకోవలసిన పని లేదు. పోర్టికోను మొరం పోసి, గట్టిగా దిమ్మిస కొట్టించి, రోడ్డు కంటే ఆరు అంగుళాలు పైకి తెచ్చుకోవచ్చు. అయితే సంపు మూతను కూడా అంత ఎత్తుకు పెంచాలి, లేకపోతే వాన నీరు నేరుగా మంచినీళ్లలోకి దిగుతుంది. ఇంటి వెనక నుంచి వాన నీరు ముందుకు వచ్చి మోరీలో కలిసే గొట్టం ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. పోర్టికో పెంచాక ఆ గొట్టం మూసుకుపోతే నీరు వెనక గది గోడకే చేరుతుంది, పగులు ఉన్న గది కూడా అదే కదా. మీ పగులు సన్నగానే ఉంది కాబట్టి తేదీ వేసి గీతలు పెట్టండి.

బయానా ఇప్పుడే ఇవ్వవలసి వస్తే చిన్న మొత్తమే ఇవ్వండి. నీటి పరీక్షలో ఫ్లోరైడ్ పరిమితి దాటినా, బ్యాంకు ఇంజినీరు నక్షాకు, కట్టడానికి తేడా ఉందని రాసినా, గీతలు దాటి పగులు సాగినా ఆ మొత్తం తిరిగి ఇవ్వాలని అగ్రిమెంటులో స్పష్టంగా రాయించుకోండి. పోర్టికో, గొట్టం, స్నానాల గది తలుపు పనులకు ఎంత ఖర్చవుతుందో ఒక మేస్త్రితో అంచనా వేయించి, ఆ కాగితం ముందు పెట్టుకుని ధర మాట్లాడండి.